పిలిస్తే వెళ్ళే ఉద్యోగం, పిలవనప్పుడు చేసే పని
(స్వర్ణోత్సవ సభలో ‘బతుకుతెరువు’ కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచి మాట్లాడిన వాళ్ళలో ఒక జాయింట్ డైరెక్టరు గారు ఉన్నారు, అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య ఉన్నారు, రెండు కాలేజీలు నడుపుతున్న అక్కయ్య ఉన్నారు. వాళ్ళ మధ్య నా పేరు ఎందుకు వేశారా అని కార్యదర్శి గారిని అడిగాను. “మన గ్రూపులో మూడొంతుల మంది కుర్రాళ్ళు అడుగుతున్నది నీలాంటి వాళ్ళ సంగతేరా, కలెక్టరు అవడం ఎలా అని ఎవడూ అడగటం లేదు” అన్నారు. మాట నిజమే. మన బడిలో చదివిన వాళ్ళలో కాంట్రాక్టు లైన్‌మెన్లు ఉన్నారు, ఆక్టింగ్ డ్రైవర్లు ఉన్నారు, కాన్పు కేసులకు పిలిస్తే వెళ్ళే నర్సులు ఉన్నారు, పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు ఉన్నారు. అందరిదీ ఒకటే పద్ధతి. ఫోను మోగితే పని, మోగకపోతే లేదు. కానీ మోగుతుందేమోనని మనిషి మాత్రం ఎప్పుడూ కాచుకుని ఉండాలి.

నేను రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. గుండెపోటు వచ్చిన మనిషికి మూసుకుపోయిన రక్తనాళం తెరిచే గది అది. డాక్టరుగారు మణికట్టు దగ్గరో తొడ దగ్గరో తీగ ఎక్కిస్తుంటే, ఎక్స్‌రే యంత్రం నడిపేవాడు, బీపీ గీతలు చూసేవాడు, అడిగిన సైజు బెలూను, స్టెంటు అందించేవాడు ఒకడుంటాడు. వాణ్ణి నేను. రోగి ఆసుపత్రి గుమ్మంలోకి వచ్చిన 90 నిమిషాల్లోపు ఆ బెలూను నాళంలో విచ్చుకోవాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. ఆ 90లో ఈసీజీకి, సంతకాలకు, రోగిని పైకి తీసుకురావడానికి కొంత పోతుంది. అందుకని రాత్రి రెండింటికి ఫోను వచ్చినా సరే, అరగంటలో నేను యంత్రం ముందు ఉండాలి. 2015 పుష్కరాల పన్నెండు రోజులూ ఊళ్ళో అడుగు తీసి అడుగు వేసే సందు లేక, ఆసుపత్రిలోనే స్టోరు రూములో పడుకున్నాను.

ఇప్పుడు డబ్బు సంగతి. సిగ్గుపడకుండా అంకెలు చెబుతాను, అంకెలు లేకుండా ఈ విషయం మాట్లాడటం దండగ. నేను ఈ లెక్క చూసుకున్న ఏడాది నాకు స్థిర జీతం 16,000. రాత్రి కాల్‌కి వెళ్తే కేసుకు 600. ఇంటి ఖర్చు, అమ్మ మందులు, పిల్ల ఫీజు నెలవారీగా విడదీస్తే 25,000. ఏడాది పాటు ఒక నోటుబుక్కులో ప్రతి కాల్ రాశాను. జనవరిలో 23 కాల్స్. అంటే జీతంతో కలిపి 29,800. మే నెలలో ఆరే ఆరు. అంటే 19,600. చలికాలంలో గుండెపోట్లు ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ. ఇది నా నోటుబుక్కు కనిపెట్టిన విషయం కాదు, డాక్టర్లందరికీ తెలిసిందే. కానీ నా ఇంట్లో బియ్యానికి, పాలకు ఆ సంగతి తెలియదు కదా.

తగ్గిన నెలలో ఏం చేస్తాం? చేబదులు. చేబదులు పుట్టకపోతే వడ్డీకి. మన వైపు నూటికి మూడు రూపాయల వడ్డీ అని చాలా తేలిగ్గా అనేస్తారు. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, తప్పయితే చెప్పండి మాస్టారూ: నెలకు మూడంటే ఏడాదికి 36 శాతం. ఏ బ్యాంకూ ఆ రేటుకి ఇల్లు కట్టుకోమనదు. మేలో తీసుకున్న అయిదు వేలకి జనవరి దాకా వడ్డీ కట్టి, జనవరిలో వచ్చిన ఎక్కువ డబ్బుతో అసలు తీర్చి, మళ్ళీ మేకి ఖాళీ చేతులు. మా ఇంటి వెనక వీధిలో ఉన్న ఒక ఆక్టింగ్ డ్రైవరు కుటుంబం ఇదే చక్రంలో తిరిగి తిరిగి, చివరికి ఆవిడ పుస్తెల తాడు కుదువ పెట్టి పోగొట్టుకుంది. వాళ్ళకి దుబారా లేదు, చెడు అలవాట్లు లేవు. ఆదాయం ఎగుడుదిగుడుగా ఉండటం ఒక్కటే వాళ్ళ కష్టం.

నోటుబుక్కు నాకు చేసిన పెద్ద మేలు ఏమిటంటే, నాకు ఎంత కావాలో తేల్చింది. అంతకుముందు ‘ఇంకో ఉద్యోగం చూసుకోవాలి’ అనే గుబులు ఉండేది. లెక్క చూశాక అర్థమైంది: నాకు కావలసింది నెలకు అయిదారు వేలు, అదీ ఏడాదిలో నాలుగైదు నెలలు. దానికి ఇంకో ఉద్యోగం అక్కరలేదు. కాబట్టి తమ్ముళ్ళూ, పని వెతకడానికి ముందు కనీసం ఆరు నెలలు లెక్క రాయండి. ఫోనులో రాస్తారో పుస్తకంలో రాస్తారో మీ ఇష్టం.

దానికంటే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది, అది చాలామంది చేయరు. ఉన్న ఉద్యోగంలోనే అడగండి. మా ల్యాబ్‌లో టెక్నీషియన్లం ముగ్గురం. రాత్రి ఫోను ముగ్గురికీ వచ్చేది, ఎవరు ముందు ఎత్తితే వాళ్ళు. పైకి బాగానే ఉంటుంది గాని, ముగ్గురూ ఏడాది పొడుగునా చెవి ఫోను మీద పెట్టుకుని పడుకోవాలి. ముగ్గురం కూర్చుని ఒక పట్టిక వేశాం. ఒక వారం నేను మొదటి పిలుపు, రెండో వారం నేను వెనక తోడు, మూడో వారం రాత్రి ఫోను కట్టేసుకుంటాను. పట్టిక పట్టుకెళ్ళి మేనేజరు గారికి చూపించి, మొదటి పిలుపు వారంలో కాల్ వచ్చినా రాకపోయినా కాచుకున్నందుకు రాత్రికి 150 ఇప్పించమన్నాం. “పని చేయనిదానికి డబ్బేంటయ్యా?” అన్నారు. మాలో పెద్దాయన నెమ్మదిగా, “సార్, ఫైరింజను ఊరికే నిలబడి ఉన్నా డ్రైవరుకి జీతం ఇస్తారు గదండీ” అన్నాడు. రెండు నెలలు తిరిగాక వందకు ఒప్పుకున్నారు. నెలకు పది రాత్రులు, వెయ్యి రూపాయలు. వెయ్యి చిన్నదే. కానీ మూడో వారం నాది అని ఆరు నెలల ముందే తెలియడం ఉంది చూశారూ, దాని విలువ ఇంతని చెప్పలేను. బయట పని ఒప్పుకోవాలన్నా, పెళ్ళికి వెళ్ళాలన్నా, నిద్రపోవాలన్నా ఆ పట్టికే ఆధారం.

ఇక పక్క పని. నాకు వచ్చిన సలహాలు అన్నీ ఇన్నీ కావు. ట్యూషన్ చెప్పమన్నారు. ఇక్కడ మాస్టార్లు చెప్పకూడదు, విద్యాహక్కు చట్టం 28వ సెక్షను అడ్డం; నాకు ఆ అడ్డం లేదు. కానీ పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి ఘనమూలం సగం చెప్పి, ఫోను మోగిందని లేచిపోతే? ఒకసారి ఊరుకుంటారు తల్లిదండ్రులు, రెండోసారి పిల్లల్ని పంపరు. క్యాటరింగ్‌లో సూపర్‌వైజరుగా రమ్మన్నారు. విస్తళ్ళు వేశాక మాయమయ్యే సూపర్‌వైజరు ఎవరికి కావాలి? కొవ్వూరులో మా స్నేహితుడి మందుల షాపులో సాయంత్రాలు కూర్చోమన్నాడు. పని మంచిదే, కూర్చోబెట్టే మనిషీ మంచివాడే. మధ్యలో గోదావరి ఉంది. రోడ్డు కమ్ రైలు వంతెన మీద ఒక లారీ ఆగిపోయిందంటే నా అరగంట అక్కడే అయిపోతుంది.

ఇలా ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే నాకు ఒక కొలత దొరికింది. ఎంత వస్తుంది, గౌరవమా కాదా అనేవి తరవాత. ముందు చూడవలసింది: ఈ పనిని ఉన్నపళంగా కింద పెట్టి వెళ్ళగలనా? పెట్టి వెళ్తే ఎవరైనా నా కోసం కాచుకుని నష్టపోతారా? తిరిగి వచ్చాక ఆపిన చోటి నుంచి ఎత్తుకోగలనా? మన ఊళ్ళో పాతకాలం వాళ్ళకి ఇది ఎవరూ చెప్పకుండానే తెలుసు. సన్నాయి మేళం వాళ్ళు పిలిస్తే వెళ్ళేవాళ్ళే. పురోహితుడుగారూ అంతే. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా వాళ్ళకి పిలుపులు ఉండవు. మేళం వాళ్ళకి కూరగాయల పాదులు ఉండేవి, పురోహితుడుగారికి రెండెకరాల కౌలు చేను ఉండేది, విస్తళ్ళు కుట్టే అరుగు ఉండేది. విస్తరి సగం కుట్టి లేస్తే విస్తరికి కోపం రాదు.

నాకు దొరికిన విస్తరి ఫ్యాను వైండింగ్.

పదో తరగతి సెలవుల్లో దేవీచౌక్ దగ్గర మా మేనమామ వైండింగ్ షాపులో నన్ను కూర్చోబెట్టారు, ఎండలో తిరక్కుండా ఉంటానని. అప్పుడు చేతికి వచ్చిన పని అది. తరవాత డిప్లొమాలు, ఆసుపత్రులు వచ్చి మరిచిపోయాననుకున్నాను. చేతులు మరిచిపోలేదు. ఇంటి వరండాలో ఒక బల్ల, ఒక మీటరు, చుట్లు లెక్కపెట్టే చేతి మిషను, సోల్డరింగ్ ఇనుము, వార్నిష్ డబ్బా. మొత్తం పెట్టుబడి తొమ్మిది వేల చిల్లర, అందులో మిషను పాతది.

తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. సీలింగ్ ఫ్యానులో లోపలి భాగం కదలదు, బయటి డొక్కు తిరుగుతుంది. లోపలి దానికి చుట్టూ రాగితీగ చుట్లు. ‘ఫ్యాను తిరగడం లేదు’ అని తెచ్చే వాటిలో చాలా వాటికి కాయిల్ బాగానే ఉంటుంది. పోయేది 2.5 మైక్రోఫారడ్ కండెన్సరు. అది మారిస్తే తిరుగుతుంది. నేను అన్నీ కలిపి వంద తీసుకుంటాను. కొందరు షాపుల వాళ్ళు కండెన్సరు పోయిన ఫ్యానుకి కాయిల్ కాలిందని చెప్పి డబ్బు గుంజుతారు. మీరు ఎక్కడ ఇచ్చినా ముందు కండెన్సరు చూడమనండి, ఈ ప్రసంగం వల్ల మీకు ఆ మాత్రం లాభమైనా ఉండనీ. గరగర శబ్దం వస్తే 6202, 6201 బేరింగులు. నిజంగా కాయిల్ కాలితే పాత తీగ కోసి తీసేసి, శుభ్రం చేసి, ఇన్సులేషన్ కాయితం పెట్టి, మళ్ళీ చుట్టాలి. ఆ చుట్టడంలోనే ఫోను మోగేది. నా బల్ల మీద ఒక పలక ఉంటుంది, అచ్చంగా మనం ఒకటో తరగతిలో పట్టుకున్నలాంటిది. ఫోను మోగితే తీగ చివర టేపు అంటించి, ఎన్నో కాయిల్, ఎన్ని చుట్లు అని పలక మీద రాసి, చెప్పులు వేసుకుంటాను. అర నిమిషం. తిరిగొచ్చేది నాలుగు గంటల తరవాతయినా, మర్నాడైనా, ఆ అంకె దగ్గర నుంచి మళ్ళీ మొదలు.

రెండో చిక్కు, ఫ్యాను ఇచ్చినవాళ్ళు కాచుకోవడం. మే నెలలో రాజమండ్రిలో ఫ్యాను లేకుండా ఒక రాత్రి పడుకోమనడం శత్రువుకి కూడా చెప్పకూడని మాట. దానికి మా ఆవిడ ఉపాయం చెప్పింది. “ఏవండీ, పాత ఫ్యాన్లు నాలుగు బాగుచేసి ఉంచండి. ఫ్యాను ఇచ్చినవాళ్ళకి ఒకటి చేతిలో పెట్టండి. మీది అయ్యాక మనది తెచ్చివ్వమందాం” అంది. పాతసామాను కొట్లో నాలుగు ఫ్యాన్లు కిలోల లెక్కన కొన్నాం. అప్పట్నుంచి ‘ఎప్పుడిస్తారు’ అని గేటు కొట్టినవాళ్ళు లేరు. కొందరు మా ఫ్యానే బాగుంది, అదే ఉంచుకుంటాం అన్నారు. నాకు వచ్చే పనిలో సగం ఆ నాలుగు ఫ్యాన్లు తెచ్చిపెట్టినదే.

చూశారా, ఎండాకాలంలో ఆసుపత్రి కాల్స్ తగ్గుతాయి, ఫ్యాన్లు కాలిపోతాయి. చలికాలంలో ఫ్యాన్లు ఉండవు, కాల్స్ పెరుగుతాయి. ఇది నా తెలివి కాదు, కలిసొచ్చింది. కానీ మీరు వెతుక్కునేటప్పుడు ఇలా వెతుక్కోవచ్చు: మీ పని ఏ నెలల్లో పడుకుంటుందో ఆ నెలల్లో లేచే పని ఏది? పెళ్ళి వీడియోల తమ్ముడు మూఢంలో పాత క్యాసెట్లు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కిస్తున్నాడు, ఆ క్యాసెట్లకి తొందర ఉండదు. రోజులో కూడా ఇలాంటి లెక్కే ఉంది. గుండెపోట్లు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఎక్కువ. అందుకని నేను చుట్టే పని మధ్యాహ్నం మూడు తరవాతే పెట్టుకుంటాను, పొద్దున్న విప్పడం, తుడవడం లాంటివి. మొదటి ఏడాది మే నెలలో ఖర్చులు పోను తొమ్మిది వేలు మిగిలాయి, డిసెంబరులో పదిహేను వందలు. సంక్రాంతి ముందు మాత్రం మిక్సీలు వస్తాయి. అరిసెల పిండికి, సున్నుండలకి వాటిని చంపేస్తారు మన ఆడవాళ్ళు.

మన బడిలోనే చదివిన ఒక చెల్లెలు, కాన్పు కేసులకు పిలిస్తే వెళ్ళే నర్సు, నన్ను ఒకసారి అడిగింది, “అన్నయ్యా, కుట్టు మిషను కొననా?” అని. కొను, కానీ పెళ్ళి జాకెట్లు ఒప్పుకోకు అన్నాను. ముహూర్తం నీ కోసం ఆగదు, కాన్పూ ఆగదు. ఆ అమ్మాయి ఇప్పుడు చీరలకు ఫాల్స్, పికో, టైలర్ల దగ్గర నుంచి హెమ్మింగు, హుక్కులు తెచ్చుకుని చేస్తోంది. ఒక్కో దానికి వచ్చేది తక్కువే. బుట్టలో సూది గుచ్చి లేచిపోవచ్చు.

ఇక వద్దనుకున్న పనుల గురించి కూడా చెప్పాలి, అక్కడే మనిషి జారే చోటు ఉంది. నాకు అందరికంటే ఎక్కువ డబ్బు వచ్చే దారి చూపించినవాడు ఒక ఇన్సూరెన్స్ మిత్రుడు. ఏజెన్సీ తీసుకోవడం కష్టమేమీ కాదు, పదో తరగతి చదివితే చాలు, ఒక పరీక్ష ఉంటుంది. “బావా, నీ గది బయట కూర్చున్నవాళ్ళకి పాలసీ విలువ చెప్పక్కరలేదు, వాళ్ళకి ఆ క్షణంలో తెలిసిపోయి ఉంటుంది” అన్నాడు. మాట అక్షరాలా నిజం. అందుకే నేను తీసుకోలేదు. లోపల తండ్రికి స్టెంటు వేస్తుంటే బయట కొడుకు నా మొహం వైపు చూస్తాడు, ఆయన బాగున్నారన్న మాట కోసం. ఆ మొహంతో పాలసీ అమ్మితే, ఆ తరవాత ఆ మొహం ఏం చెప్పినా వాళ్ళు నమ్మకూడదు. ఇన్సూరెన్స్ పని చెడ్డదని నేను అనడం లేదు. మన బ్యాచ్‌లోనే ఇద్దరు గౌరవంగా చేస్తున్నారు. నా ఉద్యోగానికి ఆనుకుని చేయడం కుదరదు. ఫలానా ల్యాబ్‌కి పంపితే ఇంత, ఫలానా అంబులెన్సుకి చెబితే ఇంత అనే పక్క సంపాదన కూడా ఈ జాతిదే. దానికి టైమూ అక్కరలేదు, పెట్టుబడీ అక్కరలేదు. అందుకే అందరికీ ముందు కనిపిస్తుంది.

ఇంకో ఆసుపత్రి క్యాథ్ ల్యాబ్‌లో మూడో వారం పని చేయమని కూడా పిలుపు వచ్చింది. తెలిసిన పని, మంచి డబ్బు. ఇక్కడ ఇంకో లెక్క ఉంది. ఎక్స్‌రే పని చేసే ప్రతివాడి ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి అని ఒకటి ఉంటుంది, మూడు నెలలకోసారి పంపిస్తే మన ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో చెబుతారు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు, అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. హద్దు మనిషికి, ఆసుపత్రికి కాదు. రెండు చోట్ల చేస్తే జీతాలు రెండు, ఒళ్ళు ఒక్కటే. పైగా అయిదారు కిలోల సీసపు ఏప్రాను మోసే నడుమూ ఒక్కటే. అక్కడికి వెళ్ళేవాళ్ళు రెండు చోట్ల లెక్కా కలిపి చూసుకోవాలి. నేను వెళ్ళలేదు. డబ్బు తక్కువైనా వరండాలో స్టూలు మీద కూర్చుని చేసే పని, ఏప్రాను మోసే పనికి విరుగుడులా ఉంది.

కుర్రాళ్ళు ఎక్కువమంది అడిగేది బైకు టాక్సీ గురించి, డెలివరీ గురించి. ఎప్పుడు కావాలంటే అప్పుడు యాప్ ఆపేసుకోవచ్చు, ఆ వెసులుబాటు నిజమే. మా వీధి తమ్ముడొకడు రాత్రి ఆక్టింగ్ డ్రైవరుగా విజయవాడ వెళ్ళి వచ్చి, పొద్దున్నే బైకు తీస్తాడు. వాడికి నేను చెప్పే మాట మీకూ చెబుతాను. 17 గంటలు నిద్రపోకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లోనే కొలిచి చెప్పారు. మన మోటారు వాహనాల చట్టంలో హద్దు 0.03. అంటే తాగకుండానే ఆ హద్దు దాటిపోతున్నాం, పట్టుకునే పోలీసు లేడంతే. మా గదిలో నేను తప్పు సైజు అందిస్తే నష్టపోయేది బల్ల మీద ఉన్న మనిషి. అందుకని మా ఇంట్లో ఒక కట్టుబాటు: రాత్రి కాల్ నుంచి వచ్చిన రోజు వరండా తలుపు తెరుచుకోదు. ఎవరొచ్చినా మా ఆవిడ బదులు ఫ్యాను చేతిలో పెట్టి పంపేస్తుంది. నెలలో ఒకటి రెండు వేలు ఆ తలుపు దగ్గరే పోతాయి, పోనీయండి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను, కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు తీసి చదవండి. ‘వేరే పని చేయరాదు’ అనే మాట చాలా వాటిలో ఉంటుంది. ఉంటే, ఏ పని, ఏ వేళల్లో అని రాసిచ్చి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. నేను ‘గృహోపకరణాల మరమ్మతు, డ్యూటీ లేని వేళల్లో’ అని రాసిచ్చాను, మేనేజరు గారు నవ్వి సంతకం పెట్టి, మర్నాడు వాళ్ళింటి టేబుల్ ఫ్యాను పంపించారు. ప్రభుత్వ ఉద్యోగులకు ప్రవర్తన నియమాలు వేరే ఉన్నాయి, వాళ్ళు నా మాట విని ఏదీ మొదలుపెట్టకండి. పిలిచినప్పుడు మాత్రమే వోచరు మీద డబ్బిచ్చే చోట పీఎఫ్ ఉందా, ఈఎస్‌ఐ ఉందా అడగండి. ఈఎస్‌ఐ నెలకు 21,000 వరకూ జీతం ఉన్నవాళ్ళకి వర్తిస్తుంది. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది, ప్రమాదంలో పోతే ఇంటికి రెండు లక్షలు వస్తాయి. రాత్రిపూట రోడ్డు మీద పరుగెత్తే ఉద్యోగం మనది, ఇరవై రూపాయలకు వెనకాడకండి. పక్క పని డబ్బు వేరే ఖాతాలో వేయండి. మాకు మేలో మిగిలింది ఇంకో మేకి అని పక్కన పెట్టాం. రెండేళ్ళకి అది ఒక నెల ఖర్చంత అయింది. అప్పట్నుంచి మూడు రూపాయల వడ్డీ వాళ్ళ గుమ్మం తొక్కలేదు.

ఈ వైండింగ్ పని ఎన్నాళ్ళుంటుందని మొన్న గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ గుర్తు తప్పనిసరి అయింది. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు ముప్ఫై వాట్ల చుట్టుపక్కలే తీసుకుంటాయి, పాతవి డెబ్భై అయిదు దాకా తాగుతాయి. వాటిలో పోయేది ఎక్కువగా లోపలి సర్క్యూట్ బోర్డు, కాయిల్ కాదు. కాబట్టి నేను ఇప్పుడు బోర్డు బాగుచేయడం నేర్చుకుంటున్నాను. నాకు నేర్పుతున్నవాడు మన బడి 2014 బ్యాచ్ కుర్రాడు. వాడు నన్ను “అన్నయ్యా, ముందు కరెంటు తీసేయండి” అని రోజూ గదమాయిస్తుంటాడు. పాత ఫ్యాన్లు మన ఊళ్ళల్లో ఇంకా చాలా కాలం తిరుగుతూనే ఉంటాయని నా అంచనా. పెళ్ళిలో పెట్టిన ఫ్యానుని పారేసే అలవాటు మనకు లేదు.

నేర్చుకుంటామని నలుగురు ముందే పేర్లిచ్చారు. మార్చి నెలలో రండి, ఏప్రిల్ వస్తే నాకు మాట్లాడే తీరిక ఉండదు. వరండాలో స్టూళ్ళు రెండే ఉన్నాయి కాబట్టి ఇద్దరిద్దరు చొప్పున. మొదటి వారం కొత్త తీగ ముట్టుకోనివ్వను, కాలిన కాయిల్ విప్పి చుట్లు లెక్కపెట్టడమే పని. నా పట్టికలో మూడో వారం ఎప్పుడో కార్యదర్శి గారి దగ్గర రాసి ఉంచాను, ఆ రోజుల్లో వస్తే మధ్యలో లేచిపోను. వచ్చేటప్పుడు ఎవరి పలక వాళ్ళు తెచ్చుకోండి.